స్తంభం కింద తువ్వాలు

ఈ మధ్య వింతల రాతలకు గిరాకీ బాగా పెరిగింది. ప్రపంచంలో ఎవరికీ తెలియని చోట్లు, దారి తప్పితేగాని కనిపించని అద్భుతాలు, చచ్చేలోగా చూసి తీరవలసిన విడ్డూరాలు - ఇలాంటి మకుటాలు తగిలించి పేజీలకు పేజీలు నింపుతున్నారు. 2016లో అమెరికాలో అచ్చయిన ‘అట్లాస్ అబ్‌స్క్యూరా’ అనే లావుపాటి పుస్తకం ఈ కోవకు పెద్దన్నగారు. దేశదేశాల్లో మామూలు యాత్రికుల కంటబడని చోట్లను వందలకొద్దీ పోగేసిన పుస్తకం అది. దాని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అన్ని భాషల్లోనూ పుట్టారు, మన తెలుగులోనూ పుట్టారు. చదవడానికి సరదాగానే వుంటాయి సుమండీ. రైల్లో పొద్దుపోతుంది. పక్క సీటాయనకు చెప్పడానికి నాలుగు ముక్కలు దొరుకుతాయి.

ఇలాంటి రాతల్లో మా వైపు సంగతి ఏమైనా వుందా అని వెతకడం నాకు అలవాటు. మా వైపు అంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. నిన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇంత నేలకు ఆ రాతల్లో సాధారణంగా దక్కేది ఒకే ఒక్క వాక్యం. లేపాక్షి గుళ్ళో ఒక స్తంభం నేలకు ఆనకుండా వేలాడుతోంది! చివర ఆశ్చర్యార్థకం తప్పనిసరి.

వాక్యంలో అబద్ధం లేదు. వీరభద్రస్వామి గుడి నాట్యమండపంలో ఆ స్తంభం అడుగు పూర్తిగా నేలకు ఆనదు. సందులోంచి కాగితం దూరుతుంది, పలచటి తువ్వాలూ దూరుతుంది. “ఇట్ల పట్టుకోండి సా, మేడమ్మును ఆ పక్క లాగమనండి,” అంటాడు గైడు. ఇవతల అయ్యగారు, అవతల అమ్మగారు, మధ్యలో తువ్వాలు. అట్లా లాగితే ఇంటికి మంచిదని ఒక నమ్మకం కూడా పుట్టింది. ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు దీని మర్మం కనిపెట్టబోయి స్తంభాన్ని కదిలించాడనీ, మండపమంతా కదలబోతే హడలిపోయి వదిలేశాడనీ కథ చెప్తారు. సందు సరిగ్గా ఫొటోలో పడాలంటే ఎవరో ఒకరు నేలమీద బోర్లా పడుకోవాలి. కుటుంబంలో చిన్నవాడికి ఆ పని పడుతుంది. ఫొటో అయింది, పదండి, బసవన్న దగ్గరికి!

బోర్లా పడుకున్న ఆ పిల్లవాడి వీపుకు పైన ఏముందో ఎవరూ చెప్పరు.

పైన వున్నది సుమారు అయిదువందల ఏళ్ళ నాటి బొమ్మల కొలువు. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన రోజుల్లో, అంటే 1529-1542 మధ్య, సున్నపు పూత మీద కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులతో వేసినవి. పార్వతి పెళ్ళి వుంది, ద్రౌపది పెళ్ళి వుంది. కిరాతార్జునీయం వుంది, అందులో అడవిపంది దూసుకొచ్చే తీరు చూస్తే పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. ఆవుదూడ చావుకు కన్నకొడుకునే శిక్షించిన మనునీతి చోళుడి కథ వుంది. మర్రాకు మీద బాలకృష్ణుడున్నాడు. గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు పొడుగాటి కుళ్ళాయిలు పెట్టుకొని పరివారంతో సహా నిలబడి వున్నారు. ఆడవాళ్ళ కొప్పులు చూడండి, చీర అంచులు చూడండి, ముఖాలన్నీ పక్కకు తిరిగి ఒకే ఒక నల్లని గీతలో ముక్కూ గడ్డమూ ఎట్లా తేలాయో చూడండి. ఆనాటి జనం ఏం కట్టారో, ఎట్లా ముడివేశారో చెప్పే పుస్తకం మనకు ఇంకొకటి ఇంత వివరంగా దొరకదు. విజయనగర కాలపు చిత్రాలు ఇంత విరివిగా మిగిలిన చోట్లు చాలా తక్కువ. ఇక్కడా పూర్తిగా మిగల్లేదు. కొన్నిచోట్ల పెచ్చులూడిపోయాయి, కొన్నిచోట్ల రంగు వెలిసి గీతలే మిగిలాయి. 2022లో లేపాక్షి యునెస్కో వారి తాత్కాలిక జాబితాకు ఎక్కినప్పుడు పేరులో గుడినీ, నందినీ, విజయనగర శిల్పచిత్ర సంప్రదాయాన్నీ చెప్పారుగాని స్తంభాన్ని చెప్పలేదు. జాబితా రాసినవాళ్ళెవరో తల పైకెత్తారన్నమాట.

ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కాదు. ఇటలీలో పీసా నగరానికి వెళ్ళినవాళ్ళు రెండు చేతులూ గాలిలో పెట్టి, ఒరిగిన గోపురాన్ని పడకుండా ఆపుతున్నట్టు ఫొటో దిగి వస్తారు. కూతవేటు దూరంలో, అదే ఆవరణలోని జ్ఞానస్నాన మందిరంలో, 1260లో నికోలా పిసానో చెక్కిన పాలరాతి ప్రసంగ వేదిక వుంది. ఆ దేశపు శిల్పం కొత్త మలుపు తిరిగినచోటు అది. అక్కడ వరుస అంత పొడుగ్గా వుండదు. ఐర్లండులో బ్లార్నీ కోటలో ఒక రాయి వుంది, వెల్లకిలా పడుకొని తల వెనక్కి వాల్చి ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందట. అక్కడ వెల్లకిలా, ఇక్కడ బోర్లా. అంతే తేడా.

ఈ వింతల రాతల మీద నా ఫిర్యాదు ఇదీ. అవి తెలియని చోట్లను తెలియజేస్తామని బయల్దేరి, చూడవలసిన చోటును ఒక్క గారడీ కింద కుదించి చేతిలో పెడతాయి. గారడీకి వ్యవధి అక్కర్లేదు, అర నిమిషంలో అయిపోతుంది. బొమ్మకు వ్యవధి కావాలి, కాస్త ముందుమాట కావాలి, మెడనొప్పి ఓర్చుకోవాలి. రాసేవాడు ఆ ముందుమాట చెప్పే శ్రమ తప్పించుకోవడానికే ఆశ్చర్యార్థకం పెడుతున్నాడని నా అనుమానం.

“తువ్వాలు లేకపోతే ఎవడొస్తాడప్పా?” అని లేపాక్షిలో టీ కొట్టాయన అడిగితే జవాబు చెప్పడం కష్టం. న్యాయమైన ప్రశ్నే. తువ్వాలు నలుగురికి కూడు పెడుతోంది. అడివి బాపిరాజు బసవన్న మీద పాట కట్టి లేపాక్షి పేరును తెలుగునాట ఇంటింటికీ చేర్చాడు, ఆయన చిత్రకారుడు కూడాను. అంతటి వాళ్ళు రోజూ పుట్టరు, తువ్వాలు రోజూ వుంటుంది. కనుక తువ్వాలును తీసెయ్యమని నేననడం లేదు. తువ్వాలు దగ్గర మొదలుపెట్టి, “ఇప్పుడు పైకి చూడండి సా” అనే గైడు కూడా అక్కడక్కడా తగులుతాడు. వింతల పుస్తకం రాసేవాళ్ళకన్నా అతనే మంచి విమర్శకుడు.

యాత్ర గురించి రాయడం మనకు చేతగాక కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తీసి చూడండి. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ దినుసులు దొరుకుతాయి, దారి ఎట్లా వుంటుంది, అక్కడి జనం ఎట్లా బతుకుతున్నారు - అన్నీ వరసగా రాశాడు. చదివితే మనమూ బయల్దేరగలం అనిపిస్తుంది. ఈనాటి వింతల రాత చదివితే బయల్దేరనక్కర్లేదు అనిపిస్తుంది, చూడవలసింది అయిపోయింది గదా!

గారడీ లేని వూరి గతి ఏమిటో చూడాలంటే పెనుకొండకు రండి. లేపాక్షి గుడికి డబ్బు వచ్చింది అక్కడినుంచే. విరుపణ్ణ పెనుకొండలో రాయలవారి కోశాధికారి. బొక్కసం సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నేరం మోపితే, రాజు శిక్షించకముందే తన కళ్ళు తానే పెరుక్కొని గోడకు కొట్టాడని కథ. గోడమీద ఆ మరకలంటూ రెండు ఎర్రటి గుర్తులు చూపిస్తారు, సగంలో ఆగిన కల్యాణమండపం చూపిస్తారు. పెనుకొండలోనూ కళ్ళ కథే. మహామంత్రి తిమ్మరుసు కళ్ళు తీయించి ఇక్కడే చెరలో వుంచారని జనం చెప్పుకుంటారు. మా వైపు కథలకు కళ్ళంటే ఎందుకో అంత పట్టు.

1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర రాజ్యం వచ్చి తలదాచుకున్నది ఈ కొండ కిందే. ఇక్కడ గగన్‌మహల్ వుంది. పక్కపక్కనే రాముడి గుడీ, శివుడి గుడీ వున్నాయి. షేర్‌ఖాన్ మసీదు వుంది, పార్శ్వనాథుడి జైన ఆలయం వుంది, బాబయ్య దర్గా వుంది. ఏ ఒక్కటీ గాలిలో వేలాడదు. అందుచేత హైవే మీద కార్లు ఆగవు. 2019లో కియా కార్లు తయారవడం మొదలైన తర్వాత పెనుకొండ అంటే ఫ్యాక్టరీ గుర్తొచ్చేవాళ్ళే ఎక్కువ. వింతల పట్టిక వేసేవాళ్ళు ఇక్కడినుంచి ఏదైనా ఎత్తుకుంటే, తోటలో గుర్రుపెట్టి నిద్రపోతున్న కుంభకర్ణుడి పెద్దబొమ్మను ఎత్తుకుంటారు. పిల్లలకు మహా ఇష్టం. నాకూ నచ్చాడు, కాదనను.

కాని ఈ శిథిలాల మధ్య తిరిగిన ఒక పిల్లవాడు మీసాలు రాని వయసులో ‘పెనుగొండలక్ష్మి’ అనే కావ్యం రాశాడు. ఆయనే పుట్టపర్తి నారాయణాచార్యులు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథమై ఎదురైంది. వింత కావాలంటే ఇంతకన్నా వింత ఏముంది? ఏ పట్టికలోనూ కనపడదు. కూలిన కోట వంద మందికి కనిపిస్తుంది, ఒకడికి అందులో లక్ష్మి కనిపిస్తుంది. పెనుకొండకు వెళ్ళేవాళ్ళు గైడుకు బదులు ఆ చిన్న పుస్తకం పట్టుకెళ్ళడం మేలు. అది చదివినవాడికి గగన్‌మహల్ మెట్లెక్కుతుంటే అడుగు నెమ్మదిస్తుంది. రాత పని అది.

రాత చేరని చోట రాళ్ళు వూరుకోవు, నడిచిపోతాయి. మడకశిర దాటితే వచ్చే హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. వాళ్ళ శిల్పాలు చూడాలంటే ఇప్పుడు మద్రాసు మ్యూజియానికీ పోవాలి.

హిందూపురం పక్కన చిలమత్తూరు దగ్గర వీరాపురమనే పల్లె వుంది. ఏటేటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి అక్కడి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు వూరివాళ్ళు, చింతపండు రాలగొట్టకుండా వదిలేస్తారు. ఇక్కడ పర్యాటకులు కొంగలే. మనం వెళ్ళితే అతిథికి అతిథులం, గట్టిగా మాట్లాడకుండా చూసి రావాలి.

ఇక ధర్మవరం. చీరలు కొనడానికే గాని చూడటానికి అక్కడికి పోయేవాళ్ళు తక్కువ. గుంటమగ్గం ముందు నేత కార్మికుడు కాళ్ళు గుంటలో పెట్టుకొని కూర్చుంటాడు. పడుగు ఒక రంగు, పేక వేరొక రంగు. అందుకే చీర వెలుతురు మారినప్పుడల్లా రంగు మారుతుంది. లేపాక్షిలో లతామండపం వుంది గదా, దాని స్తంభాల మీద ఒక్కో ముఖాన ఒక్కో అల్లిక చెక్కారు. తీగలు, పువ్వులు, పక్షులు, గళ్ళు. ఆ అల్లికలు ధర్మవరం చీర అంచుల్లోకి దిగాయి. రాతి మీదవి రాతి మీదే వున్నాయి, గుడ్డ మీదవి మాత్రం పెళ్ళిళ్ళకు దేశమంతా తిరుగుతున్నాయి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా మరమగ్గం చీర అదే పేరుతో తక్కువ ధరకు పక్క కొట్లో వేలాడుతుంటే, చేతిమగ్గం ముందు కూర్చున్నవాడి కొడుకు గుంటలో దిగనంటున్నాడు. మగ్గం చప్పుడు వినపడే వీధులను ఏ వింతల పుస్తకమూ పట్టికలో వేయదు.

ఎవరైనా మళ్ళీ ఇలాంటి పట్టిక వేస్తూ మా వైపుకు రెండు వాక్యాల చోటు ఇస్తే ఇట్లా రాసుకోండి: లేపాక్షి హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరం, ఉదయాన్నే బయల్దేరితే వెలుతురు బాగుంటుంది. మెడ నొప్పెట్టకుండా పైకప్పు బొమ్మలు చూడటానికి సంచిలో చేతి అద్దం ఒకటి వేసుకోండి, తువ్వాలు అక్కడే దొరుకుతుంది.