పెట్టెల గిడ్డంగి – దానిని విచారించు పనిముట్టు

రామకృష్ణాపూర్, మందమర్రి ప్రాంతముల పాఠకులకు గని ముఖద్వారము వద్ద నుండు దీపాలగదిని గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. గనిలోనికి దిగునప్పుడును, పైకి వచ్చునప్పుడును టోకెను, టోపీదీపము చేతులు మారును. హాజరు లెక్కకు మస్టరు వేరుగా నున్నది గదా, ఈ తతంగమంతయు ఎందులకని క్రొత్తవారికి తోచవచ్చును. 1952 నాటి గనుల చట్టమునందలి 48వ సెక్షను దీనికి జవాబు చెప్పుచుండెను. భూగర్భమున పనిచేయువారి రిజిస్టరు ఏ క్షణమున తెరచి చూచినను, ఆ క్షణమున లోపలనున్న ప్రతి మనిషి పేరును చూపవలెనని అందు శాసింపబడియుండెను. ఈ మాటలలో బలమంతయు “ఏ క్షణమున” అనుటలో నున్నది. ప్రమాదము జరిగిన నాడు రక్షకదళము మొదట అడుగునది నిన్నటి లెక్క కాదు.

కంప్యూటర్ల లోకమునను నేడు ఇట్టి రిజిస్టర్లు వెలసినవి. వానిని చదువుటకు పనిముట్లును పుట్టినవి. అట్టి పనిముట్టు ఒకదానిని ఈ గీటురాయిపై గీచి చూచుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందు పెట్టె సంగతి. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడ 58 పెద్ద పెట్టెలతో నెవార్క్ రేవునుండి హ్యూస్టన్‌కు బయలుదేరినది. సరుకు ఏదైనను పెట్టె ఒక్కటే కొలతగా నుండుటచేత, క్రేనుకు గాని లారీకి గాని లోపలి సరుకుతో నిమిత్తము లేకపోయినది. 2013లో డాకర్ అను సాధనము బయటికి వచ్చినప్పుడు దీనినే కంప్యూటరు ప్రోగ్రాములకు అన్వయించినారు. ప్రోగ్రామును, దానికి కావలసిన సరంజామా అంతటిని ఒకే మూటగా కట్టుదురు. ఆ మూటకు ఇమేజి అని పేరు. అది పనిచేయుచున్నప్పుడు కంటెయినర్ అందురు. మూటలను దాచు గిడ్డంగియే రిజిస్ట్రీ. మేఘమను పేరేగాని ఇది ఆకాశమున నుండునది కాదు. పుణె, చెన్నై, ముంబయి కేంద్రములుగా మైక్రోసాఫ్ట్ అజ్యూర్ శాఖలు 2015లోను, హైదరాబాదు కేంద్రముగా అమెజాన్ శాఖ 2022 నవంబరులోను తెరువబడినవి. గిడ్డంగులు ఇట్టి భవనములలోనే, కరెంటు బిల్లు కట్టుచు, నేలమీదనే యుండును.

ప్రతి మూటకు రెండు గుర్తులుండును. ఒకటి పైన అతికించిన చీటీ. దానిని ట్యాగు అందురు. చీటీని ఊడదీసి వేరొక మూటకు అతికింపవచ్చును. రెండవది డైజెస్టు. మూటలోని సమస్త సమాచారమునుండి గణితరీత్యా లెక్కగట్టబడిన 256 బిట్ల సంఖ్య యిది. పదునారు సంకేతముల లిపిలో 64 అక్షరములుగా వ్రాయబడును. లోపల ఒక్క బిట్టు మారినను ఈ సంఖ్య పూర్తిగా మారిపోవును. మనిషికి పేరును వేలిముద్రయు నున్నట్లే మూటకు ఈ రెండును. ‘లేటెస్ట్’ అను చీటీని నమ్మి మూటను తెచ్చుకొనువారు నిన్న తెచ్చినదే నేడును తెచ్చుచున్నామని చెప్పజాలరు.

ఇక విమర్శకు వచ్చిన పనిముట్టు ఆన్సిబుల్. దీనిని మైకేల్ డిహాన్ 2012లో వెలువరించెను. 2015లో రెడ్ హ్యాట్ సంస్థ కొనినది. ఉర్సులా లెగ్విన్ 1966లో వెలువరించిన నవలలో దూరమెంతయైనను తత్‌క్షణమే వార్త నందించు కల్పిత యంత్రమున కీ పేరుండెను. వంద కంప్యూటర్లపై ఒకే పని చేయవలసి వచ్చినప్పుడు, ఏమి జరుగవలెనో ఒక కాగితముపై వ్రాసి యిచ్చినచో ఆన్సిబుల్ దానిని అన్నిటిపై నడిపించును. ఆ కాగితమునకు ప్లేబుక్కని పేరు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము కలదు, అది మాడ్యూలు. అజ్యూర్ రిజిస్ట్రీల వివరములను తెచ్చు మాడ్యూలే ఇచట ముఖ్యము.

ఇది చేయు పని విచారణ మాత్రమే. అజ్యూర్ నిర్వహణ సేవకు తన గుర్తింపును రుజువు పరచి, ఈ వర్గములోని రిజిస్ట్రీలేవి అని అడుగును. వచ్చిన జవాబులో రిజిస్ట్రీ పేరు, అది యున్న ప్రాంతము, మూటలు తెచ్చుకొనుటకు పోవలసిన చిరునామా, బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం అను తరగతులలో అది దేనికి చెందినది, నిర్వాహకుని ఖాతా తెరచి యున్నదా లేదా – ఇవి యుండును. మొదట దీని పేరు చివర ‘ఫ్యాక్ట్స్’ అని యుండెడిది. 2019లో వచ్చిన 2.9వ వెలువరింపులో ఇట్టి మాడ్యూళ్ల పేరు ‘ఇన్ఫో’ అని మార్చిరి. ఫ్యాక్టులనగా ఆ యంత్రమును గూర్చిన నిజములుగా ఆన్సిబుల్ తన జ్ఞాపకములో దాచుకొనునవి. ఇన్ఫో అనగా అడిగిన చేతికి ఇచ్చి ఊరకుండునది. ఈ మార్పు సబబైనది. విచారించుటవలన ఏదియు మారకూడదు; ఈ మాడ్యూలు దేనిని మార్చదు కూడ. పదిమార్లు అడిగినను హాని లేదు. ఇంతవరకు దీనిని మెచ్చుకొనక తప్పదు.

కాని దీపాలగది ప్రశ్నను దీని ముందుంచినచో తేలిపోవును. లోపల ఎవరున్నారని అడిగినచో, ఇది గని పేరు, ఊరు, గేటు చిరునామా చెప్పి విరమించును. ఏ మూటలున్నవి, వాని డైజెస్టు లేమి, ఎప్పుడు చేరినవి అను వాటిలో ఒక్కదానికిని సమాధానము లేదు. జవాబులో ట్యాగ్స్ అను మాట కనబడగానే క్రొత్త విద్యార్థి సంతసించును గాని, అవి మూటల చీటీలు కావు. రిజిస్ట్రీ ఏ విభాగముది, ఖర్చు ఎవరి పద్దున వ్రాయవలెను అని గిడ్డంగి గోడకు తగిలించిన చీటీలు. ఒకే మాట రెండర్థములకు వాడుట అజ్యూర్ తప్పో, డాకర్ తప్పో గాని, మోసపోవునది చదువరి.

ఇది అలంకారము కొరకు తీసిన లోపము కాదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను జావా భాగములో గొప్ప రంధ్రము బయటపడినది. దాని గుండా దూరమునుండియే ఇతరులు తమ ఆజ్ఞలను నడిపింపగలిగిరి. నాడు ప్రతి సంస్థలోను వినవచ్చిన ప్రశ్న ఒక్కటే: ఆ భాగము మన మూటలలో వేటియందున్నది? ఈ మాడ్యూలు చేతిలో నున్నవారు గిడ్డంగులు ఎన్నియో మాత్రము చెప్పగలరు. మూటల జాబితా తెచ్చుటకు గేటు చిరునామాకే పోయి, రిజిస్ట్రీ స్వంతభాషలో వేరుగా అడుగవలెను. ఆ పని ఆన్సిబుల్‌తోనే, వేరొక మాడ్యూలుతో చేయవచ్చును. కాని ‘రిజిస్ట్రీ సమాచారము’ అను పేరు చూచినవాడు ఆ రెండవ మజిలీ యున్నదని ఊహింపడు.

రెండవ లోపము మరింత ప్రమాదకరము. రిజిస్ట్రీ పేరులో ఒక అక్షరము తప్పు వ్రాసినను మాడ్యూలు కేక వేయదు. ఖాళీ జాబితా నిచ్చి, పని సక్రమముగా జరిగినదనును. ఆ జాబితాలోని ఒక్కొక్కదానిని తనిఖీ చేయుమని ప్లేబుక్కులో వ్రాసి యుండిన, తనిఖీ చేయుటకు ఏదియు లేదు గనుక ఆ పని దాటవేయబడును; తుదిలెక్కలో వైఫల్యములు సున్న. లోపల ఎవరును లేరనుటకును, వేరొక గని రిజిస్టరు తెరచితిమనుటకును భేదమున్నది. ఆ భేదము ఈ జవాబులో కానరాదు. లేనిదానిని గూర్చి అడుగుట తప్పు కాదని కర్తలు వాదింపవచ్చును. రిజిస్ట్రీ ఉన్నదో లేదో తెలిసికొనుటకే కొందరు అడుగుదురు. ఆ వాదము కొంత న్యాయమే. అయినను పేరు పెట్టి అడిగినవాడు ఉన్నదనియే నమ్మి అడుగును. ఖాళీ వచ్చినచో ఆగుమని చెప్పు షరతును వినియోగించువాడే ప్లేబుక్కులో వ్రాసికొనవలసి యున్నది. అది ఒక్క పంక్తి, వ్రాయువారు కొద్దిమంది.

తాళపుచెవుల సంగతి మిగిలినది. నిర్వాహకుని ఖాతా తెరచియున్న రిజిస్ట్రీకి ఒక పేరు, రెండు సంకేతపదములు ఉండును. ఒకదానిని మార్చుచున్నప్పుడు పని ఆగకుండ రెండవదానితో నడుపుకొనుటకు ఈ ఏర్పాటు. కోరినచో ఈ మాడ్యూలు ఆ రెండింటిని కూడ జవాబులో పెట్టి యిచ్చును. కోరనిచో ఇయ్యకుండుట మంచి పద్ధతియే. కాని కోరిన పిదప వానికి ముసుగు లేదు. ప్లేబుక్కును వివరముగా మాట్లాడుమని నడిపినచో సంకేతపదములు తెరపైనను, దినచర్య దస్త్రములలోను ఉన్నవున్నట్లు అచ్చుపడును. నో లాగ్ అను నిషేధమును ఆ పనికి ప్రత్యేకముగా తగిలించిననే మరుగుపడును. రహస్యమును చేతికిచ్చు పనిముట్టు ముసుగును తానే వేసి, తీయదలచినవానిచే తీయించుట న్యాయము, ఇచట తలక్రిందులైనది. అజ్యూర్ వారే ఈ ఖాతా ఒక్కరు పరీక్షగా వాడుకొనుటకని, పదిమందికి పంచవద్దని హెచ్చరించి, మొదటినుండి దానిని మూసియే ఉంచుదురు.

2020 నుండి అజ్యూర్ మాడ్యూళ్లు ఆన్సిబుల్ మూలగ్రంథమునుండి వేరుపడి, ప్రత్యేక సంపుటముగా వెలువడుచున్నవి. దాని మూలము అందరికి తెరచి యున్నది. పైథాన్ నేర్చిన విద్యార్థి ఎవడైనను చదివి, సవరణ పంపవచ్చును. మొదట చేయదగినది, పేరు పెట్టి అడిగిన రిజిస్ట్రీ లేనప్పుడు లేదని స్పష్టముగా తెలుపు ఒక హెచ్చరిక. మూటల డైజెస్టులను తెచ్చు పని అంతకంటె పెద్దది. దానికి గేటువద్ద వేరొక అనుమతి కావలెను.