సామాన్య విరహము

గడచిన ఆదివారము భోజనానంతరము, పత్రికను ముఖముపై కప్పుకొని పడకకుర్చీలో ఒరిగి, న్యాయముగా నాకు చెందవలసిన నిద్రను నేను అనుభవించుచుండగా, మా వీధి చివరి యింటి ముసలమ్మగారి మనుమరాలు వచ్చి ఒక కాగితముల కట్టను నా యొడిలో నుంచి, "సార్, జర ఇది చూసి పెట్టుండ్రి. మా నాయిన మీ దగ్గర చదువుకున్నడు గద. మీరు అర్జీలు మంచిగ రాస్తరని నానమ్మ చెప్పింది" అనెను. వీధిదీపము మొదలుకొని మురుగుకాలువ వరకు ఈ హయత్‌నగర్ కాలనీనుండి పురపాలకులకు పోయిన విన్నపములలో సగము నా చేతివ్రాతలే యగుటచేత ఆ కీర్తిని నేను కాదనలేను. వానిలో ఎన్ని ఫలించినవో అడుగువారు లేరు గనుకనే ఆ కీర్తి నిలిచియున్నది.

కట్టలో పైనున్నది నాలుగు పుటల ఆంగ్లలేఖ. అమెరికా వలస శాఖవారికి ఆమె తన భర్తకై పెట్టుకొనబోవుచున్న క్షమాపణ వినతి యది. అక్కడివారు దానిని వేవర్ అందురు. మొదటి వాక్యమునందే ఆమె హృదయము వ్రక్కలైనది. రెండవదానిలో ఆత్మ గాఢాంధకారమున మునిగినది. మూడవదానికి వచ్చుసరికి కన్నీరు సముద్రములను మించినది. తీరా చూడగా ఆ కన్నీరు ఆమెది కాదు. స్నేహితురాలెవరో పంపిన నమూనా లేఖనుండి దిగుమతియైనది. మూడవ పుటలో ఒకచోట పేరు మార్చుట మరచినందున, ఊరును పేరును ఎరుగని మరియొక మగనికై మా పిల్ల రెండు పంక్తులు విలపించినది కూడ. విశేషణములతో నాకు గల పాతకక్ష ఈ కాలమ్ చదువువారికి క్రొత్త కాదు. శుభలేఖలపైనను, వర్ధంతి ప్రకటనలపైనను నేను వెడలిన దండయాత్రలను ఓర్పుతో సహించినవారు మీరు. నిద్ర చెడినందులకు సగము, ఆ విశేషణములకు సగము, నాకు కోపము వచ్చినది.

సంగతి యేమనగా, ఆ యువకుడు ఉద్యోగపు వీసాపై అమెరికా వెళ్లెను. కొలువు పోయినది, ఐ-94 అను పత్రములో నిచ్చిన గడువు తీరినది, నేడో రేపో మరియొక కంపెనీవారు పిలువకపోరను నాశతో గడువు మీద 412 దినములు అచ్చటనే నిలిచిపోయెను. 2019లో తండ్రి పోయినాడని ఫోను రాగా, తలకొరివి పెట్టుటకై విమానమెక్కెను. ఆ విమానము నేలను విడుచుటతోనే పదేండ్ల నిషేధము అతని కంఠమున పడినది. 1996 సెప్టెంబరు 30న క్లింటన్ చేవ్రాలు చేసిన చట్టము ప్రకారము, 1997 ఏప్రిల్ 1 మొదలు లెక్కించి, అనుమతి లేని నివాసము 180 దినములు మించి యేడాది లోపున్నచో 3 యేండ్లు, యేడాది నిండినచో 10 యేండ్లు మరల ఆ గడప త్రొక్కరాదు. ఇందులో విడ్డూర మేమనగా, నిషేధము తగులుకొనునది వెడలిపోయినప్పుడు. సక్రమముగా లోపలికి వచ్చి గడువు దాటినవాడు, అక్కడనే కదలక కూర్చుండి, ఆ దేశపు పౌరురాలిని పెండ్లాడినచో, సాధారణముగా అక్కడనుండియే దరఖాస్తు పెట్టి స్థిరనివాసము పొందవచ్చును. కదలనివానికి దారి యున్నది. తండ్రి శవమును చూడవచ్చినవానికి లేదు.

నేను గడువు విషయమున మెత్తనివాడను కాను. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము బూటకమని తేలి, మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టినప్పుడు, ఊరంతయు ఆ పట్టీలను తిట్టుచుండగా, ముందుగా విచారింపక డబ్బు కట్టిన తల్లిదండ్రులను నేను తిట్టితిని. పాఠశాల గ్రంథాలయము నా చేతిలోనున్న దినములలో, గడువు దాటిన పుస్తకమునకు ప్రధానోపాధ్యాయులవారిచేతను జుల్మానా కట్టించితిని. కావున ఆ పిల్లను చూచి, "412 రోజులు ఏం చేసిండు బిడ్డా?" అని అడిగితిని. "చూసిండు సార్" అనెను. ఏమి చూచెనో నేను మరల అడుగలేదు.

ఆమె తొమ్మిదవయేట తల్లిదండ్రులతో న్యూజెర్సీలోని ఎడిసన్ చేరి, అక్కడి పౌరురాలైనది. తండ్రి లేడు. 2021 డిసెంబరులో ఇచ్చటి ఫంక్షన్ హాలులో పెండ్లియైనది. పెండ్లికి ముందే ఓవర్‌స్టే సంగతి అతడు దాచక చెప్పెనట. భర్తకై ఆమె వేసిన పిటిషను అంగీకృతమై, ఇంటర్వ్యూకు ముంబయి పోయిరి. నానక్‌రాంగూడలో అంత పెద్ద కాన్సులేటు పెట్టుకొని ముంబయికి తిప్పుట యేల యని ముసలమ్మగారి ప్రశ్న. వలస వీసాల పని ఇచ్చట లేదని చెప్పినను ఆమెకు నమ్మకము కుదురలేదు. ఆమె తన వంతుగా చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణములు చేసివచ్చినది. వీసా చేతికి వచ్చిన పిదప చేయవలసిన 108 బాకీ యున్నవి. ముంబయి అధికారి పదేండ్ల బ్యాన్ ఉన్నదని చెప్పి, క్షమాపణకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునను కాగిత మొకటి యిచ్చి పంపెను.

గల్ఫు దేశములలో ఈ పని యింత సాహిత్యము లేకయే జరుగును. అక్కడ గడువు మీరినవారిని మనవారు ఖల్లివల్లి అందురు. ప్రభుత్వము దయ తలచి, 2024లో సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు ఎమిరేట్సువారు చేసినట్లు, క్షమాభిక్ష ప్రకటించినచో, జుల్మానా లేకుండ ఔట్‌పాసు తీసికొని యిల్లు చేరుదురు. నీ భార్య యెట్లున్నదని అక్కడ ఎవరును అడుగరు. అమెరికావారు అడుగుదురు. అడుగుట మాత్రమే కాదు, ఆమెను గూర్చియే అడుగుదురు. నిషిద్ధుడు పడు కష్టము వారికి లెక్కలోనిది కాదు. పౌరులో స్థిరనివాసులో యైన అతని భార్యకు గాని తల్లిదండ్రులకు గాని దుర్భరమైన కష్టము కలుగునని నిరూపింపవలెను. బిడ్డల కష్టము సూటిగా లెక్కకు రాదు. పసివాని యేడుపు తల్లి నిద్రకు ఎంత భంగమో అంత మేరకే చెల్లును. అంతకంటె చిత్రము, భార్యాభర్తల యెడబాటు ఒక్కటియే చాలదు. ఎడబాటు నిషేధమునకు సహజఫలమట, అందరికిని కలుగునదట. మన ప్రబంధకవులు ఆశ్వాసములకు ఆశ్వాసములు దేనిమీద నిలిపిరో, ఏ తాపమునకు చందనమును, తామరాకులును, మలయమారుతమును చాలకపోయెనో, ఆ విరహమును ఈ చట్టము సామాన్యమని పక్కకు పెట్టును.

ఇది చదివి నేను లోలోపల సంతసించితినని ఒప్పుకొనుట ధర్మము. మా నాయన నిజాం కాలమున ఇబ్రహీంపట్నం తహసీలు కచేరీ యెదుట చింతచెట్టు క్రింద గోనెపట్ట పరచుకొని కూర్చుండిన అర్జీనవీసు. రైతు తెలుగులో ఏడ్చినదానిని ఆయన ఉర్దూలో వ్రాసి, చివర విధేయుడను అర్థమున ఫిద్వీ యని చేర్చి, వేలిముద్ర వేయించి, నాలుగణాలు హాలీ పుచ్చుకొనెడివాడు. పక్కచెట్టు క్రింది నవీసు ప్రభువులవారిని సూర్యునితోను, సముద్రముతోను పోల్చి రెండు పుటలు నింపి ఎనిమిదణాలు గుంజెడివాడు. మా నాయనది ఒక్క పుట. "దొర ముంగట కండ్లనీళ్లకు కరువు లేదురా, తారీఖులకే కరువు" అనెడివాడు. ఎద్దు ఏనాడు చచ్చెను, పట్వారీ ఏనాడు వచ్చెను, శిస్తు ఎంత కట్టెను, ఎంత మిగిలెను, ఇప్పుడేమి కావలెను, అంతటితో ముగింపు. నాకు విశేషణములపై గల వైరము ఆ చింతచెట్టు నీడలోనిదే.

అసలు మా ఊరి పేరులోనే ఒక క్షమార్థిని యున్నది. ఆ పిల్లకు ఈ కథ తెలియదు. పుట్టినూరు విడచి పోయినవారి మాట యటుంచుడు, ఊరిలోనున్నవారికిని తెలియదు. ఈ ఊరికి పేరిచ్చిన హయాత్ బక్షీ బేగము మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు, సుల్తాన్ మహమ్మదునకు భార్య, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. అబ్దుల్లా తన మంత్రియైన మీర్ జుమ్లాతో చెడి, అతని కుమారుని చెరబట్టెను. విడువుమని షాజహాను ఆజ్ఞ పంపెను. అబ్దుల్లా సకాలమున విడువలేదు. విడుచునప్పటికి 1656 ఆరంభమున ఔరంగజేబు సేన హైదరాబాదును కొల్లగొట్టుచుండెను. గోలకొండ కోటలో తలుపులు బిగించుకొని కూర్చుండిన కొడుకునకై, ఆ వృద్ధమాత పల్లకీ యెక్కి శత్రువు శిబిరమునకు పోయెను. ఆనాటి లేఖరు లేమి వ్రాసియుందురో గాని, ఫలితము మాత్రము అంకెలలోనే తేలినది: కోటి రూపాయలు, దానిపై, ఔరంగజేబు కుమారుడు మహమ్మద్ సుల్తానునకు అబ్దుల్లా కూతునిచ్చి వివాహము. అదే సమయమున ఢిల్లీలో షాజహాను పెద్దకొడుకు దారా చెవిని గోలకొండ రాయబారులు వేరుగా పట్టియుండిరి. ముట్టడి మానుమని షాజహాను ఫర్మాను వచ్చి, మార్చి చివర సేనలు తొలగెను. తల్లి మాట యెంత, కోటి యెంత, దారా సిఫారసు ఎంత యని త్రాసులో తూచి చెప్పుట కష్టము. ఆ క్షమ 31 యేండ్లు చెల్లినది. 1687లో ఆ ఔరంగజేబే తిరిగివచ్చి కోటను గైకొనెను.

మచిలీపట్నపు బాటమీద బాటసారులకై నెలకొన్న ఆమె మసీదు ఇప్పటికిని విజయవాడ రహదారికి అల్లంత దూరమున నున్నది. చేరువనే ఏనుగుల బావి. బస్సులో పోవువారు తల త్రిప్పి చూడరు. తల్లి యగుటచేత నేటి అమెరికా చట్టము ప్రకారము కూడ ఆమె అర్హురాలైన బంధువే యని నాకు తోచి, ఆ మాట ఆ పిల్లకు చెప్పగా నవ్వినది. ఆ కట్ట తెచ్చిన పిదప ఆమె నవ్వుట అదే మొదలు.

సోమవారము రాత్రి కూర్చుండి, నాలుగు పుటలను ఒకటిన్నర పుటకు దింపితిని. తప్పును మొదటి పంక్తిలో ఒప్పుకొంటిని, తేదీలు వేసితిని, కోరిక కోరితిని. విశేషణ మొక్కటి లేదు. మా నాయన చూచినచో మెచ్చుకొనెడివాడని మురిసితిని. ఆమె దానిని ఎడిసన్‌లోని లాయరునకు పంపగా బుధవారమునకు జవాబు వచ్చినది: శైలి బాగున్నది, దీనితో పని జరుగదు. అధికారి మనలను చూడడు. చూచునది కాగితము నొక్కదానినే. ఆమె యెన్ని గంటలకు లేచునో, తల్లికి వారమున ఎన్నిమారులు డయాలిసిస్సో, ఆ దినములలో జీతమెంత కోతపడుచున్నదో, ఆమె ఇచ్చటికే వచ్చి కాపురముండినచో ఆ తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవువారెవరో, అన్నియు కావలెను. ప్రతిదానికిని రసీదు కావలెను. నా అర్జీ నిరలంకారమే గాని, నిరాహారము కూడ.

తారీఖుల గొప్ప చెప్పుకొనిన నేను, అయిదారు తారీఖులు వేసి చాలుననుకొంటిని. మా నాయన రైతును గంటసేపు అడిగి అడిగి రాబట్టినదానిని ఒక పుటలో ఇమిడ్చెడివాడు. నేను అడుగకయే ఇమిడ్చితిని. బుధవారము మొదలు శనివారము వరకు ప్రతిదినము ఆ పిల్లను కూర్చుండబెట్టి అడిగితిని. సోమ, బుధ, శుక్రవారములలో తెల్లవారుజామున 4 గంటలకు లేచి తల్లిని డయాలిసిస్సుకు దించి, ఫార్మసీలో పనికి పోయి, మరల 10 గంటలకు సెలవడిగి తీసికొని వచ్చుట. పర్యవేక్షకుడు రెండుమారులు వ్రాతపూర్వకముగా హెచ్చరించుట. నిరుడు ఫిబ్రవరిలో మంచులో కారు జారినప్పుడు తల్లి వెనుకసీటులో నుండుట. ఈ ముక్క నమూనా లేఖలోని కన్నీటి సముద్రములో ఎక్కడను లేదు. లేఖ 11 పుటలైనది. ఒక్క పుటయు తీసివేయదగినది కాదు. క్లుప్తతను గూర్చి ఈ కాలమ్‌లో నేను చేసిన ఉపదేశములను, పక్కచెట్టు నవీసుకు వర్తించినంత మేరకే గ్రహింపవలసినదిగా పాఠకులను కోరుచున్నాను.

శనివారము సాయంత్రము ఆమె మరియొక కాగితము తెచ్చినది. పెండ్లినాటినుండి తాము ఇద్దరు కలిసి యున్న దినముల పట్టిక యది. 2021లో 31, 2022లో 21, 2023లో 24, 2024లో 21, మొత్తము 97. ఇది అనవసరమని, ఎడబాటు సామాన్యమని లాయరు చెప్పెనట. నాకును అట్లే తోచినది. "పెట్టకున్నా మంచిదే సార్. లెక్క సరిగ్గున్నదా చూడుండ్రి చాలు" అని పాస్‌పోర్టు నా చేతికిచ్చెను. కళ్లద్దములు తుడుచుకొని, ముద్రలను క్యాలెండరుతో సరిచూచితిని. 2023లో ఒక దినము తక్కువైనది. శంషాబాదు విమానాశ్రయములో ముద్ర పడినది ముందునాటి తేదీతో. ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి దాటినందున ఆమె మరునాటినుండి లెక్కించినది. అతడు ఎచ్చట నుండెనని అడిగితిని. రాత్రి తొమ్మిది గంటలనుండి బయట గేటు కాడనే నిలబడియుండెనట.

24ను 25గా దిద్ది, క్రింద 97ను కొట్టివేసి 98 అని వ్రాసి, పట్టికను 11వ పుట వెనుక పిన్ను పెట్టితిని.