తాంబూలపు సంచి

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్బీనగరు వరకు సాగు మెట్రో వంతెన నీడను విడిచి ప్రక్కసందులోనికి మరలినచో, రవికలు కుట్టు దర్జీల మిషనుల చప్పుడు వినవచ్చును. మడతలవెంబడి జీర్ణించి కట్టుట కనర్హమైన పట్టుచీరయందును జరీయంచు తరచుగా దృఢముగనే యుండును. ఆ యంచును సంచిమూతికి పట్టీగా నిలిపి, నలిగిన పట్టునకు పాతపంచె గుడ్డను లోపల అస్తరుగా నమర్చి, బరువంతయు మోయు పిడుల మొదట రెండుమారులు కుట్టు వేసి, పేరంటమున కానుకగా నొసగదగిన తాంబూలపు సంచిని రూపొందించు నేర్పు, నా దృష్టిలో, క్రొత్తరవిక కుట్టు నేర్పునకు తీసిపోదు. ఏలయన, పాతగుడ్డ యెచ్చట చీలునో కత్తెర పెట్టకమున్నే వ్రేళ్లతో తడవి గ్రహింపవలెను. (అమ్మమ్మ చీరకు కత్తెర తగిలింపరాదందురా? బీరువాలో మడతమీదనే చినిగిపోవుట మేలా?) పైగా, 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్కు సంచులు 2022 డిసెంబరు 31 నుండి దేశమంతట నిషిద్ధములు. రాబోవు శ్రావణమునకు బజారున సంచులు కొనకమున్ను, పాతచీర నొకదానిని మీ వీధి దర్జీకడకు గొనిపోవుడు.