పేరు ఆ మనిషే చెప్పాలి

కర్ణాటకలోని రాయచూరు జిల్లా మాన్వి చుట్టుపక్కల క్యాంపుల్లో పోర్ట్రెయిట్ తీసేటప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: "ఎక్కడ నిలబడతారు?" 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి, ఎడమ కాలువ నీళ్లు ఈ నేలకు అందాక కోస్తా జిల్లాల రైతులు వచ్చి కట్టుకున్న ఊళ్లివి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నాయనమ్మ దేవుడి గదిలో వెంకన్న పటం పక్కన కూర్చుంటానంటారు. మనవడు కన్నడ రాజ్యోత్సవానికి కట్టిన పసుపు, ఎరుపు జెండా దగ్గర నిలబడతానంటాడు. 'వలస వచ్చిన ఆంధ్రులు' అన్న బొమ్మ ముందే గీసుకుని వెళ్తే ఆ కుర్రాడు మన కంటికి ఆనడు.

అదే క్యాంపు పొలాల్లో నాట్లు వేసే స్థానిక కన్నడ కూలీలు ఉన్నారు. వాళ్లు లేకుండా క్యాంపు కథ సగమే. బురద కాళ్లతో తీస్తే ఫొటో గొప్పగా వస్తుందని మనకు తోస్తుంది. నాట్లు వేసే ఆమె మాత్రం ఇంటికెళ్లి మంచి చీర కట్టుకొస్తానంటుంది. ఆగాల్సిందే. కష్టం ఆమె రోజూ చేసేదే, కానీ గోడ మీద ఎలా ఉండాలన్నది ఆమె ఇష్టం.

వాళ్ల ఇష్టప్రకారమే తీయాలన్న నా పట్టుదలకు కారణం చరిత్రలో ఉంది. 1868-75 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది సంపుటాలుగా తెచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో చాలా ఫొటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. పాలించేవాడికి కావలసింది జాబితా. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., క్లేర్ ఆర్నీతో కలిసి 2000-04లో చేసిన ఫొటోల్లో మనుషులను కొలవడానికి ఆ కాలంలో వాడిన గళ్ల పరదా లాంటిదాని ముందు తానే నిలబడి, ఆ చూపునే ప్రశ్నించారు.

ఈ రాయచూరు 1948 దాకా నిజాం హైదరాబాద్ రాజ్యంలోదే. ఆ రాజ్యపు ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళకు అప్పగించారు. కెమెరా వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ఎదుటి ముఖం మారుతుంది.

నా పద్ధతి చిన్నది. ఫ్లాష్ వద్దు, తలుపు వారగా వచ్చే వెలుతురు చాలు. కెమెరా వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. ఫొటో కింద వాక్యం వాళ్ల మాటల్లోనే రాయాలి. మొదటి ప్రింటు వాళ్ల ఇంటికి, రెండోది ప్రదర్శనకు. ఈ వరుస తప్పితే అది కళగా చెలామణీ కావచ్చు, పోర్ట్రెయిట్ మాత్రం కాదు.