మాలపల్లి: సవ్యాఖ్యాన ప్రతిని ఎన్నుకొనుట

ప్రాచీనకావ్యమునకు వ్యాఖ్య కావలెనని ఎవ్వరును సందేహింపరు. ఆముక్తమాల్యదను వేదము వేంకటరాయశాస్త్రిగారి సంజీవనీవ్యాఖ్య వంటి ఆధారము లేక చదువ సాహసించువారు అరుదు. నవల విషయమున మాత్రము మనలో ఒక భ్రమ పాతుకొని యున్నది. వాడుకభాషలో వ్రాయబడినది గావున దానికి టీకాటిప్పణములతో పనిలేదని పలువురి తలంపు. ఈ తలంపు ఎంత పొరపాటో ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నిరూపించుచున్నది. ఆ నవలకు ఎట్టి సవ్యాఖ్యాన ప్రతిని తరగతికిని, పరిశోధనకును గ్రహింపవలెనను విషయమును ఇందు విచారింతుము.

మొదట చూడవలసినవి టిప్పణములు గావు, మూలపాఠము. సహాయనిరాకరణోద్యమకాలమున లక్ష్మీనారాయణగారు రాయవెల్లూరు కారాగారమున ఈ నవలను రచించిరి. 1922లో బెల్లంకొండ రాఘవరావుగారు దీనిని ప్రకటించిరి. 1923లో మదరాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1926లో కొన్ని మార్పులకు లోబడి ప్రచురణకు అనుమతి లభించెను. 1935లో పునర్ముద్రణము జరిగి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దీనిని పాఠ్యగ్రంథముగా స్వీకరింపగా, 1936లో మరల నిషేధము వచ్చెను. పాఠ్యగ్రంథములలోని స్థానమును పోయెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడిన పిమ్మటనే నవలకు విముక్తి కలిగెను. ఇట్టి చరిత్ర గల గ్రంథమునకు పేరొక్కటియే యైనంత మాత్రమున పాఠమును ఒక్కటియే యనుకొనుటకు వీలులేదు. తాను అనుసరించిన ముద్రణ మేదియో చెప్పని సంపాదకుడు ఎంత పాండిత్యము చూపినను, మనము చదువునది రచయిత మొదట వ్రాసిన వాక్యమో, అనుమతికై మార్చిన వాక్యమో తెలియరాదు. కన్యాశుల్కమున 1897, 1909 నాటి పాఠములను వేరువేరుగా పరిశీలించుట మన విమర్శకులకు అలవాటైనది. ఆ శ్రద్ధయే మాలపల్లికిని వలయును.

రెండవది టిప్పణముల స్వభావము. మంగళాపురమున చౌదరయ్యకును కూలివారికిని పుట్టిన తగవు కూలిని గూర్చినది. దానిని ధాన్యముగా కొలుచుటయా, రొక్కముగా ఇచ్చుటయా అనునది ప్రశ్న. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలనుండి వచ్చు మా విద్యార్థులలో పలువురు మిరపకోతలకును, పత్తితీతలకును పోవు కుటుంబములవారు. వా రెరిగిన కూలి రొక్కమే. ఒక ఏడు తరగతిలో ఒక విద్యార్థి, రొక్క మిత్తునన్న రైతు మేలే చేయుచున్నాడు గదా, కూలివారు ఏల కాదనిరి అని మమ్ము అడిగెను. ప్రశ్న తెలివితక్కువది కాదు. అతని చేతనున్న ప్రతిలో రొక్కమనగా నగదు అని అర్థము ఈయబడినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున ధాన్యపు ధరలు పెరిగినవనియు, ధర పెరిగిన నాడు పాత లెక్కన రొక్కము పుచ్చుకొన్నవాని ఇంట గంజి పలుచనగుననియు చెప్పు టిప్పణము లేదు. తెలిసిన మాటకు అర్థము చెప్పి, తెలియని చిక్కును విడిచిన వ్యాఖ్య అది. దాని ఫలము స్వల్పము కాదు. సంగదాసు మరణమునకు దారితీసిన తగవులో ఆ విద్యార్థి, తానును కూలివాని బిడ్డయై యుండి, తెలియకయే చౌదరయ్య పక్షమున నిలిచెను.

కొలతలును అట్టివే. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యని లెక్క చెప్పుట సులభము. కాని కుంచపు పరిమాణము సీమసీమకు మారుచుండెను. ఒక సీమ కుంచమును మరియొక సీమకు అన్వయించినచో కూలి లెక్కయే తప్పును. 1958 మొదలు మెట్రిక్ కొలతలు వ్యాప్తికి రాగా పాత కొలతపాత్రలు క్రమముగా కళ్ళములనుండి తొలగినవి. ఈ విషయమున సంపాదకుడు నిఘంటువుతో తృప్తినొందక, కళ్ళమున కూలి కొలుచుట కన్నులార చూచిన వృద్ధులను అడుగవలెను. అట్టివారు నేడు మిక్కిలి కొలదిమంది. ఇంకొక పదియేండ్లు ఊరకున్నచో అడుగుటకు మనుష్యులు దొరకరు.

టిప్పణములు పెరిగినకొలది నవల పాఠ్యపుస్తకమై రసము చెడునని కొందరు ఆక్షేపింతురు. ఇందు సత్యము లేకపోలేదు. తక్కెళ్ళ జగ్గడు కనబడినంతనే అతడు వేంకటదాసే యని పుట యడుగున వ్రాయు వ్యాఖ్యాత కథకుని పనిని చెరుపుచున్నాడు. కొలతలు, మాండలికపదములు పుట యడుగునను, చరిత్రాంశములు గ్రంథాంతమునను ఉండుట యుక్తము. అయితే నేటి చెవికి కఠినమని కులవాచకములను మార్చుటయు, కథకు అడ్డమని చరమగీతము వంటి గేయభాగములను తొలగించుటయు వ్యాఖ్యానము కాదు. ఆ మాటలకు టిప్పణము వ్రాయవచ్చును గాని వానిని తుడిచివేయరాదు.

కావున ప్రతిని ఎన్నుకొను అధ్యాపకునకు మా సూచన ఇది. మొదట పీఠిక తెరచి, అనుసరించిన ముద్రణము పేర్కొనబడినదా యని చూడవలెను. పిదప కూలి తగవున్న పుట తీసి, అచ్చట ధరలను గూర్చియు, కొలతలను గూర్చియు ఏమి చెప్పబడినదో చూడవలెను. ఈ రెండు పరీక్షలకును నిలువని సవ్యాఖ్యాన ప్రతికన్న, టిప్పణములు లేకున్నను ముద్రణము తెలిపిన పూర్ణపాఠమే మేలు. లోపించిన టిప్పణములను తరగతియే సమకూర్చుకొనవచ్చును. మా విద్యార్థులు సెలవులకు ఇండ్లకు పోవునపుడు తమ తాతలను, అవ్వలను ఈ మాటలు అడిగి వ్రాసి తెచ్చినచో, రాబోవు సంపాదకునకు అదియే మొదటి సామగ్రి కాగలదు.