చన్నీటి మునకలో తోడు

సియాటెల్ నగరాన్ని ఆనుకొని ఉన్న పుజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో నీళ్ళు ఏడాది పొడుగునా ఇంచుమించు 7 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంటాయి. మన విశాఖ దగ్గర సముద్రం చలికాలంలో కూడా పాతిక డిగ్రీలకు అటూఇటూగా ఉంటుందని గుర్తు తెచ్చుకుంటే ఆ చలి ఎంతటిదో తెలుస్తుంది. అయినా అక్కడ సెలవు రోజుల్లో పొద్దున్నే చాలామంది సిలిండర్లు వీపున కట్టుకొని సరదాగా నీళ్ళలోకి దిగుతారు. పైగా వాళ్ళకు ఇష్టమైన కాలం చలికాలమే. వేసవి ఎండకు ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవరాశి విపరీతంగా పెరిగి నీరు పచ్చగా, మసకగా మారుతుంది. చలి ముదిరాక అది తగ్గి నీరు తేటపడుతుంది. ఒంటరిగా దిగేవాళ్ళు తక్కువ. ఇద్దరిద్దరుగా, మహా అయితే ముగ్గురుగా దిగడం ఆనవాయితీ. ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకు ఇది స్నేహితుల షికారులాగే ఉంటుంది. నా వాదన ఏమిటంటే, చన్నీటి డైవింగ్‌లో పక్కనున్న మనిషిని సిలిండర్‌తో, దాని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌తో సమానంగా ప్రాణం కాపాడే సాధనాల లెక్కలో వేయాలి. డెబ్బై ఏళ్ళకు పైగా ఈ డైవర్లు అలవరచుకున్న పద్ధతుల్లో ముఖ్యమైనవన్నీ ఆ సాధనాన్ని నమ్మదగినదిగా చేయడానికి పుట్టినవే.

చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి నీటిలో ఊపిరి పీల్చుకొనే పరికరాన్ని తయారు చేశారు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో కార్లను గ్యాసుతో నడపడానికి గన్యాన్ రూపొందించిన కవాటమే దానికి మూలం. అది వెచ్చటి మధ్యధరా సముద్రంలో వాడుకకు వచ్చిన యంత్రం. దాన్ని చన్నీళ్ళకు తీసుకుపోవాలంటే వేరే సరంజామా కావాలి, వేరే క్రమశిక్షణ కావాలి. సరంజామాలో ఒకటి కాలిఫోర్నియాలో దొరికింది: 1950ల మొదట్లో బర్కిలీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నియోప్రీన్ రబ్బరుతో వెట్‌సూట్ రూపొందించాడు. క్రమశిక్షణ ఎక్కువగా బ్రిటన్‌లో రూపుకట్టింది. ఆస్కర్ గూగెన్, పీటర్ స్మాల్ 1953లో లండన్‌లో బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్ పెట్టారు. అక్కడి సముద్రం మసక, చలి, అలల పోటు కలిసినది. పాత సభ్యులు కొత్తవారికి జీతం లేకుండా నేర్పడం, జతగా దిగి జతగా పైకి రావడం ఆ క్లబ్బు జీవితంలో భాగాలయ్యాయి. డబ్బు కట్టి దిగే పర్యాటకులకు ఈ ఏర్పాటు అవసరం లేదు, వాళ్ళ వెంట ఒక గైడు ఉంటాడు. సొంత పూచీ మీద చన్నీళ్ళలో దిగే స్నేహితులకు తామే ఒకరికొకరు గైడు.

చలి సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది. నీరు గాలికన్నా సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. వెట్‌సూట్ తన రబ్బరులోని చిన్న చిన్న గాలి బుడగలతో దాన్ని అడ్డుకుంటుంది. కానీ పది మీటర్ల లోతుకు పోయేసరికి పీడనం రెట్టింపవుతుంది, బుడగలు సగానికి నొక్కుకుపోతాయి. అంటే చలి ఎక్కువయ్యే చోటే సూట్ పలచబడుతుంది. అందుకే పుజెట్ సౌండ్‌లో తరచుగా దిగేవాళ్ళలో చాలామంది డ్రైసూట్ వాడతారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతైన సీళ్ళతో నీరు లోపలికి రానివ్వని సూట్ అది. లోపల మందపాటి ఉన్ని లాంటి దుస్తులు. దిగేకొద్దీ సూట్ ఒంటిని నొక్కకుండా సిలిండర్ నుంచి ఒక గొట్టం ద్వారా అందులోకి గాలి ఎక్కించుకోవాలి, పైకి వచ్చేటప్పుడు వదలాలి. అది అనుకున్నంత తేలిక కాదు. గాలి కాళ్ళవైపు చేరిందంటే మనిషి తలకిందులై ఆపుకోలేని వేగంతో పైకి పోతాడు. అలా పోతే ఊపిరితిత్తులకు, రక్తానికి ప్రమాదం. అప్పుడు మోకాళ్ళు ముడుచుకొని పల్టీ కొట్టి, గాలిని భుజం దగ్గరి కవాటానికి చేర్చి వదలాలి. దీన్ని లోతు లేని నీటిలో, పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండగా మళ్ళీ మళ్ళీ సాధన చేయిస్తారు.

ఇంకా పెద్ద చిక్కు, చలి ముందుగా వేళ్ళను, తర్వాత బుద్ధిని మొద్దుబారుస్తుంది. మందపాటి గ్లవుజులున్నా వేళ్ళు క్లిప్పులు విప్పలేని స్థితికి వస్తాయి. ఒంటి వేడి తగ్గేకొద్దీ మాట తడబడుతుంది, చిన్న విషయానికి చిరాకు వస్తుంది, నిర్ణయాలు నెమ్మదిస్తాయి. ఈ మార్పు జరుగుతున్నట్టు జరుగుతున్నవాడికి తెలియదు. పీడన మీటరు సూది ఎక్కడుందో ఎవరికి వారు చూసుకోవచ్చు కానీ, తన తెలివి ఎంత మిగిలిందో చూపే మీటరు లేదు. ఆ పని పక్కనున్న మనిషే చేయగలడు. మామూలుగా చురుగ్గా జవాబిచ్చే స్నేహితుడు సంజ్ఞకు ఆలస్యంగా బదులిచ్చినా, ఒకే గవ్వను ఊరికే చూస్తూ ఉండిపోయినా, అతని స్వభావం తెలిసిన తోడు వెంటనే పసిగడతాడు. అందుకే ఒకే జత ఏళ్ళ తరబడి కలిసి దిగడానికి ఇక్కడ ఇంత విలువ. కొత్త మనిషిలో మందకొడితనం చలి వల్ల వచ్చిందో, పుట్టుకతోనే ఉందో చెప్పడం కష్టం.

పరికరాల సంగతికి వస్తే తోడు అవసరం మరింత కచ్చితంగా కనబడుతుంది. సిలిండర్‌లో 200 బార్ల పీడనంలో ఉన్న గాలి రెగ్యులేటర్ మొదటి దశలో చుట్టూ ఉన్న పీడనం కన్నా సుమారు 10 బార్లు ఎక్కువ స్థాయికి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడి సున్నాకు బాగా కిందికి పోతుంది. చుట్టూ నీళ్ళు కూడా గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉంటే రెగ్యులేటర్‌లో మంచు పేరుకొని కవాటం తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోతుంది, గాలి ధారగా పోతూనే ఉంటుంది. మంచుకట్టిన సరస్సుల్లో ఇది అందరూ లెక్కలో పెట్టుకొని దిగే ప్రమాదం. పుజెట్ సౌండ్‌లో అరుదు గానీ అసాధ్యం కాదు. యూరప్ ప్రమాణాలు 10 డిగ్రీలకన్నా చల్లటి నీటికి రెగ్యులేటర్లను విడిగా పరీక్షించమంటాయి. నివారణకు జాగ్రత్తలున్నాయి: దిగకముందు గడ్డకట్టే గాలిలో రెగ్యులేటర్‌తో ఊపిరి పీల్చకూడదు, సూట్‌లోకి గాలి ఎక్కించేటప్పుడు చిన్న చిన్న విడతలుగా ఎక్కించాలి, సరిగ్గా అదే క్షణంలో ఊపిరి లాగకూడదు. అంతా చేసినా మొరాయిస్తే సిలిండర్ వాల్వు కట్టేయాలి. ఆ వాల్వు ఎక్కడుంది? వీపు వెనక, తల కింద. మందపాటి సూట్‌లో, మొద్దుబారిన చేత్తో దాన్ని అందుకోవడం చాలామందికి సాధ్యం కాదు. తోటి డైవర్ మాత్రం తన రెండో రెగ్యులేటర్ ఇచ్చి, చేయి చాచి, తాపీగా కట్టేయగలడు.

తోడు ఉంటే సరిపోదు, ఆ తోడుకు సరిపడా గాలి కూడా ఉండాలి. ఇక్కడ లెక్క నిర్మొహమాటంగా ఉంటుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్లంటే 2400 లీటర్ల గాలి. 30 మీటర్ల లోతులో ఒకరి గాలి పోయిందనుకుందాం. కంగారులో ఇద్దరూ తలా నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుంటే ఉపరితలం లెక్కలో 60 లీటర్లు; ఆ లోతులో పీడనం నాలుగు రెట్లు కాబట్టి సర్దుకోవడానికి పట్టే ఒక్క నిమిషానికే 240. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికి ఇంకో 500. అయిదు మీటర్ల దగ్గర భద్రత కోసం మూడు నిమిషాలు ఆగితే 270. మొత్తం 1010 లీటర్లు, అంటే సుమారు 84 బార్లు. సరదా డైవర్లు చాలామంది మామూలుగా చెప్పుకొనే 50 బార్ల నిల్వ ఆ లోతులో ఒకరికైతే చాలవచ్చేమో గానీ, ఇద్దరికి చాలదు. లోతును బట్టి ఈ లెక్క కట్టుకొని, ఎంత మిగిలినప్పుడు వెనక్కి తిరగాలో ఒడ్డునే తేల్చుకోవడం మంచి జత లక్షణం. తన సిలిండర్‌లో కొంత భాగం మొదటి నుంచీ పక్కవాడిదేనని ఒప్పుకొని దిగడమన్న మాట.

మిగతా పద్ధతులు చూడటానికి చిన్నవి. దిగేముందు ఒకరి కట్లు, వాల్వులు, గొట్టాలు ఒకరు తడిమి చూడటం. మసక నీటిలో చేతి సంజ్ఞలకు బదులు టార్చి వెలుగును గుండ్రంగా తిప్పితే బాగున్నట్టు, అటూఇటూ వేగంగా ఊపితే ఆపదన్నట్టు. వీటిలో నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోచేది ఒక నియమం: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా బొటనవేలు పైకి చూపిస్తే మునక అక్కడితో ముగిసినట్టే. నీటిలో కారణం అడగరు, ఒడ్డుకు వచ్చాక ఎత్తిపొడవరు.

తోడే ప్రాణసాధనమన్న ఈ వాదనను ఒప్పుకోనివాళ్ళున్నారు, వాళ్ళ మాట కొట్టిపారేయదగింది కాదు. తోడు మీద ఆధారపడేవాడు సగం డైవరే అంటారు వాళ్ళు. పేరుకు జత, నీటిలో ఎవరి దారి వారిది. ఫొటో తీసే ధ్యాసలో పక్కవాడు కనబడకుండా పోయినా తెలియని తోడు లేనిపోని ధైర్యం ఇచ్చి ముంచుతుంది. అంతకన్నా సొంతంగా రెండో సిలిండర్, రెండో రెగ్యులేటర్ తగిలించుకొని ఒంటరిగా దిగడం మేలంటారు. కొన్ని శిక్షణ సంస్థలు ఒంటరి డైవింగ్‌కు కోర్సులే నడుపుతున్నాయి. వాళ్ళ నిందలో నిజముంది, కానీ అది చెడ్డ జత మీద నింద. రెండో సిలిండర్ ఉన్నవాడు జతగా దిగకూడదని ఎవరూ అనలేదు. ఇద్దరూ అలాగే దిగితే ఇంకా మంచిది. మొద్దుబారిన బుద్ధిని కనిపెట్టే పని మాత్రం ఏ అదనపు సిలిండరూ చేయదు. బ్యాటరీతో వేడెక్కే చొక్కాలు వచ్చాయి గదా అంటే, వాటికీ ఒక మెలిక ఉంది. అమెరికా నౌకాదళం పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగాల ప్రకారం, అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చే దశలో చలికి గురైనవారికి డీకంప్రెషన్ జబ్బు, అంటే పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు కట్టే జబ్బు, ముప్పు బాగా పెరుగుతుంది. మునక మధ్యలో బ్యాటరీ అయిపోయిన చొక్కా సరిగ్గా ఆ పరిస్థితిలోకే నెడుతుంది.

నాకు ఎక్కువ బరువైనదిగా కనిపించే ఆక్షేపణ వేరే ఉంది: స్నేహమే ప్రమాదమని. నలుగురూ వెళుతున్నారని తన స్థాయికి మించిన లోతుకు పోవడం, అంత దూరం కారు నడిపి వచ్చిన మిత్రుణ్ణి నిరాశపరచలేక ఒంట్లో బాగోకపోయినా దిగడం, అనుభవం ఉన్నవాడు నాతో రా అంటే కళ్ళు మూసుకొని వెళ్ళడం. మొహమాటం మనకు మాత్రమే ఉన్న గుణం కాదు. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. బొటనవేలి నియమం పుట్టిందే అందుకని, దాన్ని పాటించని గుంపును స్నేహితుల గుంపు అనడానికి వీల్లేదని మాత్రం అంటాను.

ఇంత శ్రమపడి చూసేదేమిటి అంటే, చాలా ఉంది. చన్నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది, అడుగునుంచి పోషకాలు పైకి వస్తాయి. అందుకే ఆ నీళ్ళు పగడపు దీవులకన్నా మసకగా ఉన్నా జీవంతో కిక్కిరిసి ఉంటాయి. ప్రపంచంలోకెల్లా పెద్దదైన పసిఫిక్ ఆక్టోపస్ అక్కడి రాళ్ళ సందుల్లో కాపురం ఉంటుంది. గుమ్మం ముందు తిని పారేసిన పీత డొప్పల కుప్పను బట్టి దాన్ని కనిపెడతారు. ఆడది గుడ్లు పెట్టి నెలల తరబడి తిండి మానేసి కాపలా కాసి, పిల్లలు బయటికి వచ్చే వేళకు చచ్చిపోతుంది. మన ఇంజనీరింగ్ విద్యార్థులు వీడియోలో చూసే టకోమా నేరోస్ వంతెన, 1940 నవంబరు 7న గాలికి ఊగి కూలినది, దాని శిథిలాలు కూడా ఈ సౌండ్ అడుగునే ఉన్నాయి. ప్రవాహం ఉధృతి వల్ల అది ఆరితేరినవాళ్ళ చోటు. కొత్తవాళ్ళకు సియాటెల్‌కు ఉత్తరాన ఎడ్మండ్స్‌లో 1970లో ఏర్పాటైన నీటి అడుగు పార్కు ఉంది. అక్కడ స్వచ్ఛంద డైవర్లు తాళ్ళు పరిచి దారులు వేశారు, నేటికీ వాటిని బాగుచేస్తూనే ఉన్నారు.

ఒకే చోటికి ఒకే మనుషులు పదేపదే దిగడం వల్ల ఇంకో మేలు జరిగింది, వాళ్ళు ఆ నీటికి సాక్షులయ్యారు. 2012 అక్టోబరు చివర వెస్ట్ సియాటెల్‌లో డైవర్లకు ఇష్టమైన తీరంలో ఒక యువకుడు ఆక్టోపస్‌ను పట్టి తీసుకుపోయాడు. అది అప్పటికి చట్టబద్ధమే. అక్కడున్న డైవర్లు ఊరుకోలేదు. వాళ్ళ ఆందోళన ఫలితంగా 2013లో వాషింగ్టన్ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి కమిషన్ ఏడు చోట్ల ఆక్టోపస్ వేటను నిషేధించింది. 2013లోనే తీరమంతటా సముద్ర నక్షత్రాలు కరిగిపోయినట్టు చచ్చిపోవడం మొదలైంది. ఇరవై నాలుగు దాకా చేతులుండే సన్‌ఫ్లవర్ స్టార్ అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతింది. అది ఎంతగా తగ్గిపోయిందో 2019లో శాస్త్రవేత్తలు తేల్చినప్పుడు వాడిన ఆధారాల్లో ముఖ్యమైనవి రీఫ్ అనే సంస్థకు సరదా డైవర్లు నింపి పంపిన సర్వే వివరాలు. కారణమైన బ్యాక్టీరియాను 2025లో గుర్తించారు. జీతం లేని ఆ జతలు ముందునుంచీ లెక్కలు రాసి ఉంచకపోతే ఎంత పోయిందో చెప్పడానికి పోల్చుకొనే ఆధారం చాలా తగ్గేది.

డ్రైసూట్ ఖరీదు తక్కువ కాదు, ఇది డబ్బున్నవాళ్ళ ఆటేనన్న విమర్శకు నా దగ్గర పూర్తి జవాబు లేదు; అద్దె సూట్లు, క్లబ్బుల ఉమ్మడి పరికరాలు కొంత బరువు తగ్గిస్తాయి, అంతే. సియాటెల్ పక్కనున్న రెడ్‌మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉద్యోగం చేస్తున్న తెలుగువారు చాలామంది ఈ నీటికి అరగంట దూరంలో ఉంటారు. ఋషికొండలోనో అండమాన్‌లోనో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు అది చేతిలో ఉంది కదా అని నేరుగా దిగవద్దు. ముందు డాక్టరుకు చూపించుకోండి, డ్రైసూట్ కోర్సు చేయండి, మొదటి మునకలు అక్కడి నీరు తెలిసిన క్లబ్బువాళ్ళతో, తక్కువ లోతులో చేయండి. మీతో దిగబోయే మనిషిని మాత్రం ఒడ్డునే ఒక మాట అడగండి: నా గాలి పోతే నీ దగ్గర ఇద్దరికి సరిపడా ఎన్ని బార్లు ఉంచుతావు? లెక్క చెప్పలేకపోతే ఆ రోజుకు దిగకండి.