ఫ్రీజర్ అడుగున రొయ్యలు

కనుమకు తెచ్చిన రొయ్యల పొట్లం దసరా ముందు ఫ్రిజ్ కడిగేటప్పుడు బయటపడితే ఇంట్లో అందరూ ముందుగా అడిగేది ఎన్నాళ్లయిందనే. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు. ఆ చలి ఒక్క పూట కూడా తెగకుండా నిలిచి ఉంటే ఏడాది నాటి రొయ్య కూడా ఆరోగ్యానికి చేటు కాదు. రుచి పోతుంది, అంచులు తెల్లగా ఎండి పీచుగా తగులుతాయి, అంతవరకే. అమెరికా ఆహార భద్రతా సంస్థలు ఫ్రీజర్‌కు చెప్పే నెలల గడువులు కూడా నాణ్యత కోసమే తప్ప భద్రత కోసం కాదు. తేల్చుకోవలసినవి రెండు: గడ్డకట్టకముందు ఆ సరుకు ఎలా ఉంది, కట్టాక ఎప్పుడైనా కరిగిందా. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించితే నీరు ఆగుతుంది గాని అప్పటికే దిగువకు పోయిన నీరు వెనక్కి రాదు. ఫ్రీజర్ పనీ అంతే.

ఎగుమతి ఫ్యాక్టరీల్లో వనామీ రొయ్యను మైనస్ 40 దాకా ఉండే చలిలో గబగబా గడ్డకట్టించి, ఎండిపోకుండా పైన పల్చటి మంచు పూత వేస్తారు. ప్యాకెట్ మీద 18 నెలలనో 24 నెలలనో అచ్చు వేస్తే, ఆ మాట మైనస్ 18 చలి ఎక్కడా తెగని సరుకుకే చెల్లుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి దుకాణానికి, అక్కడి నుంచి స్కూటర్ మీద ఇంటికి, చివరికి పిల్లలు ఐస్ కోసం గంటకోసారి తెరిచే ఫ్రిజ్‌లోకి వచ్చాక ఆ తేదీకి పూచీ ఎవరిది? తేదీ కంటే ప్యాకెట్ ఎక్కువ చెబుతుంది. విడివిడిగా ఉండాల్సిన రొయ్యలు ఒకే ముద్దగా అతుక్కున్నా, కవరు అడుగున ఎర్రటి నీరు గడ్డకట్టి ఉన్నా మధ్యలో ఎప్పుడో కరిగాయని అర్థం. లోపల మంచు పొడి బాగా పేరుకుంటే చలి ఎక్కుతూ దిగుతూ ఉందన్నమాట. మన వంటిళ్లలో మాత్రం తలకాయ దగ్గర నల్లమచ్చ ఉన్న రొయ్యను అవతల పారేసి, ముద్దకట్టినదాన్ని కూరలో వేస్తుంటారు. ఆ నలుపు రొయ్యలోని ఎంజైము పని, చూపుకు బాగుండదు గాని దానంతటది విషం కాదు.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీళ్లలో, చీకట్లో ఉన్నాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చలిని నిలుపుతుంది. అంతకు మించితే పూచీ లేదు. కరెంటు వచ్చాక కరిగినవన్నీ మళ్లీ రాయిలా బిగుసుకుంటాయి, అచ్చు తేదీ మాత్రం మారదు. అంతటి వరదే రానక్కర్లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇల్లు తాళం వేసి ఊరెళ్లినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా జరిగేది ఇదే.

ముక్కు చెప్పదా, అమ్మమ్మలు వాసన చూసే కదా కొన్నారు అంటారు. కొన్నారు, నిజమే. వాళ్లు చూసింది గిలకలదిండి రేవు నుంచి గంపలో వచ్చిన పచ్చి చేపను. గడ్డకట్టిన చేప కరిగేదాకా వాసన దాచుకుంటుంది. పైగా కుళ్లించే సూక్ష్మజీవులను ముక్కు పట్టగలదు గాని జబ్బు చేసే వాటన్నిటినీ పట్టలేదు. చింతపండు పులుసులో కుతకుతా ఉడికిస్తే ఏదైనా చస్తుందన్నది ఇంకో వాదన. సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. కాని వంజరం, కానాగంతల వంటి చేపలు పడవలోనో మార్కెట్‌లోనో ఐస్ లేకుండా కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. దాన్ని ఫ్రీజరూ పోగొట్టదు, మంటా పోగొట్టదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేస్తే చాలామంది చేప పడలేదనుకుంటారు. ఆ తప్పు చాలాసార్లు చేపజాతిది కాదు, ఐస్ పెట్టనివాళ్లది.

అనుమానమున్నదల్లా పారేస్తే డబ్బు మాటేమిటి అన్న ప్రశ్న న్యాయమైనదే. కరెంటు పోయినా లోపల మంచు పలుకులు మిగిలి, ముక్క ఫ్రిజ్ చల్లదనంలోనే ఉంటే వెంటనే వండుకోవచ్చు, మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు కూడా. మెత్తబడి ఎంతసేపయిందో తెలియనిదాన్నే వదులుకోవాలి. తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని ఉపాయముంది: కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచడం. బిళ్ల అడుగుకు చేరితే అంతా కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. కరిగించేటప్పుడు గట్టు మీద కాదు, ఫ్రిజ్ కింది అరలో. గాలి తీసి మూసిన కవరైతే ముందే కోయాలి, ఎందుకంటే గాలి లేనిచోట బాటులినం జాతి సూక్ష్మజీవుల్లో కొన్ని ఫ్రిజ్ చలిలోనూ పెరగగలవు. ఇక అమెరికా నుంచి అబ్బాయి వచ్చేదాకా అని పులసను ఆరేడు నెలలు దాచేవాళ్ల సంగతి. కొవ్వు నిండిన ఆ చేపకు మైనస్ 18లోనూ రెండు మూడు నెలలు దాటితే నూనె మక్కడం మొదలవుతుంది. చలి తెగకపోతే తిన్నా ప్రమాదం లేదు. కాని వేలు పోసి కొన్నది ఆ రుచి కోసమే కాబట్టి, వానాకాలంలో దొరికినప్పుడే ఇరుగుపొరుగును పిలిచి తినేయడం మంచిది, అబ్బాయికి వచ్చిననాడు కొరమీను చాలు.